అల్‌ఖోర్ మెస్ హాల్లో సర్పంచ్ వేలం

2011 మార్చి 6, ఆదివారం నాడు దోహాలో ఒక కంపెనీలో ఇంటర్నల్ ఆడిటర్‌గా చేరాను. ఆఫీసు వెస్ట్ బేలో, ఒక టవరు పంతొమ్మిదో అంతస్తులో. కంపెనీ చేసే పనులు రెండు. స్కూళ్ళకూ ఆఫీసులకూ శుభ్రం చేసే మనుషులను పంపడం ఒకటి, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లకు స్కఫోల్డింగ్, అంటే పైపుల పరంజాలు, కట్టే మనుషులను పంపడం రెండోది. అంతకు ముందు కాకినాడలో ఒక సహకార బ్యాంకు ఆడిట్ విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను కనుక లెక్కలు కొత్త కాదు. ఎండ మాత్రం కొత్త.

ఇంటర్నల్ ఆడిటర్ అంటే లెక్కలు రాసే మనిషి కాదు. రాసినవి నిజమో కాదో చూసే మనిషి. నెలకు రెండుసార్లు, ముందు ఎవరికీ చెప్పకుండా, ఏదో ఒక లేబర్ క్యాంపుకు వెళ్ళి మెస్ స్టోర్‌లో బియ్యం, నూనె, కోడిమాంసం తూకం వేయించి రిజిస్టరుతో సరిచూసేదాన్ని. దాన్ని సర్‌ప్రైజ్ చెక్ అంటారు. తర్వాత ఇచ్చే రిపోర్టులో మూడు గడులుంటాయి: ఏం చూశాను, దానివల్ల వచ్చే ముప్పేమిటి, యాజమాన్యం ఏమంటుంది. మొదటి రెండూ నేను నింపుతాను. మూడోది పైవాళ్ళు నింపి పంపుతారు. నా ఉద్యోగంలో నాకు వచ్చిన కోపంలో ఎక్కువ భాగం ఆ మూడో గడి వల్ల వచ్చిందే.

ఇప్పుడు చెప్పబోయేది 2018 అక్టోబరు నుంచి 2019 మార్చి వరకు జరిగిన సంగతి.

లావణ్యది జగిత్యాల వైపు ఒక ఊరు. అబూ హమూర్‌లో ఒక స్కూలు మా కంపెనీ కాంట్రాక్టు కింద ఉండేది. అక్కడ ఆమె క్లీనర్‌గా చేరి, ఏడేళ్ళలో పద్నాలుగు మంది మీద సూపర్‌వైజర్ అయింది. ఒకసారి ఆ సైటులో రబ్బరు గ్లౌజుల వాడకం ఎక్కువగా ఉందని రిపోర్టులో రాశాను. మర్నాడే చిరిగిపోయిన జత ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మీరు ఒక్క దినం ఏస్కొని బాత్రూములు కడిగి చూడుండ్రి మేడం. అప్పుడు రాయుండ్రి ఎక్కువనో తక్కువనో," అంది. చిరుగు చూశాను. నాసిరకం సరుకు కొన్నారని రిపోర్టు మార్చి రాశాను. మా పరిచయం అలా మొదలైంది.

2018 అక్టోబరులో ఆమె ఉద్యోగం మానుకుని ఊరు వెళ్ళిపోతున్నప్పుడు, వీడ్కోలుకు ఏదైనా బంగారం కొనిద్దామని మేం కొందరం ఆడవాళ్ళం అనుకున్నాం. అది అక్కడి ఆనవాయితీ. శుక్రవారం ప్రార్థనలయ్యాక అబూ హమూర్‌లో మా చర్చి దగ్గర ఒక చాయ్ దుకాణంలో కూర్చున్నాం. అడిగితే, తనకు బంగారం వద్దంది. వాళ్ళ ఊరి సర్పంచ్ పదవి ఈసారి బీసీ మహిళకు రిజర్వు అవుతుందని అనుకుంటున్నారట, తాను నిలబడుతుందట. "గా పైసలు ఎలచ్చన్లకు ఇయ్యుండ్రి. గెలిస్తె అందరికి బంగారం నేను పెడ్త," అంది.

అలా పుట్టింది మా నిధి. గల్ఫ్‌లో పనిచేసి తిరిగి వెళ్ళిన తెలుగు ఆడవాళ్ళు ఎవరైనా పంచాయతీ పదవికి పోటీ చేస్తే సాయం చేయాలన్నది ఉద్దేశం. నర్సులు, టీచర్లు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, అందరం కలిసి ఇరవై ముగ్గురం. పెద్దరికం కొద్దీ నియమాలు రాసే పని నాకు పడింది. ఖతార్‌లో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం. కాబట్టి ఎవరూ ఎవరి చేతికీ డబ్బు ఇవ్వకూడదని రాశాను. ఎవరికి వాళ్ళు తమ గుర్తింపు కార్డుతో ఇండియాకు డబ్బు పంపే ఎక్స్‌చేంజ్‌కు వెళ్ళి, తమ పేరు మీదే, నేరుగా అభ్యర్థి ఖాతాకు పంపాలి. మన దేశ చట్టం ప్రకారం అభ్యర్థి విదేశీయుల డబ్బు తీసుకోకూడదు కనుక భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే పంపాలి. కెనడా పాస్‌పోర్టు తీసుకున్న ఒక తెలుగు టీచరమ్మను ఈ కారణంతోనే కాదన్నాను. "నేను తెలుగుదాన్ని కాదా" అని ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఆవిడ తెలుగే. పాస్‌పోర్టు కాదు.

సర్పంచ్‌కు నిలబడేవాళ్ళు నామినేషన్‌కు ముందే ఎన్నికల ఖర్చుకని విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. లావణ్య జనవరి మొదటి వారంలో తెరిచింది. ఆ ఊరి జనాభాకు ఖర్చు పరిమితి లక్షన్నర. మా ఇరవై ముగ్గురి పేర్ల మీద వెళ్ళింది లక్షా పద్దెనిమిది వేల ఐదు వందలు. రసీదుల నకళ్ళన్నీ చూశాకే నేను ఊపిరి పీల్చుకున్నాను.

2019 జనవరి 11, శుక్రవారం. ఆ రోజు నా సర్‌ప్రైజ్ చెక్ అల్‌ఖోర్ క్యాంపులో. రాస్ లఫాన్ పనివాళ్ళు ఎక్కువమంది అక్కడే ఉంటారు. సెలవు రోజు కావడంతో మెస్ హాలు నిండా మనుషులు. స్టోర్ కీపర్ తాళం తీస్తుంటే హాల్లోంచి ఒక గొంతు వినిపించింది.

"తొమ్మిది లచ్చలు ఒకటోసారి."

చిట్టీ పాట అనుకున్నాను. క్యాంపుల్లో చిట్టీలు మామూలే. కంపెనీ వాటిని నిషేధించింది, నేను పట్టుకున్నప్పుడల్లా రాసేదాన్ని. కానీ నెలకు వెయ్యీ పదకొండు వందల రియాళ్ళు వచ్చేవాళ్ళ చిట్టీ తొమ్మిది లక్షలకు ఎలా పోతుందని అనుమానం వచ్చింది. బియ్యం తూకం ఆపించి తలుపు దగ్గరకు వెళ్ళాను.

బల్ల మీద ఒక ఫోను నిలబెట్టి ఉంది. దాంట్లో ఒక ఊరు కనిపిస్తోంది. టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు పట్టుకున్న మనిషి. ఫోను చుట్టూ పన్నెండు మంది వంగి ఉన్నారు. వాళ్ళ మధ్య రాజేశం, స్కఫోల్డింగ్ ఫోర్‌మన్. లావణ్య భర్తకు సొంత అన్న. ఊళ్ళో ఎవరో బీడీల కాంట్రాక్టరు తన భార్య పేరు మీద పాడుతున్నాడు, ఇక్కడినుంచి రాజేశం పాడుతున్నాడు. పది, పదిన్నర, పదకొండు. పదకొండున్నర దగ్గర ఊళ్ళోని మనిషి ఆగిపోయాడు. ఫోన్లోని మైకు మూడుసార్లు చెప్పింది. తర్వాత చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది: "సర్పంచ్ పదవి, లావణ్య పేరు మీద, దుబాయోళ్ళకు."

ఖతార్ అయినా ఆ ఊరికి అంతా దుబాయే.

తెలియనివాళ్ళ కోసం ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఉత్తర తెలంగాణ ఊళ్ళలో వీడీసీ అని ఒకటుంటుంది, గ్రామ అభివృద్ధి కమిటీ. చట్టంలో దానికి ఏ అధికారమూ లేదు. ఊళ్ళో మాత్రం అన్ని అధికారాలూ దానివే. కులానికో పెద్దమనిషి కూర్చుని చెరువులో చేపలు, కల్లు దుకాణం, ఇసుక, అన్నీ వేలం వేస్తారు. మాట విననివాళ్ళకు జరిమానా వేస్తారు, కట్టకపోతే వెలివేస్తారు. కొన్ని ఊళ్ళలో సర్పంచ్ పదవిని కూడా ఇలాగే పాట పెడతారు. పాడుకున్నవాళ్ళు ఊరికి డబ్బు కడతారు, మిగిలినవాళ్ళు నామినేషన్లు ఉపసంహరించుకుంటారు. కాగితం మీద దాని పేరు ఏకగ్రీవం.

ముందు స్టోరుకు వెళ్ళి మిగిలిన బియ్యం తూకం పూర్తి చేయించాను. పదమూడు కిలోలు తేడా వచ్చింది. రాసుకున్నాను. ఆ తర్వాతే హాల్లోకి వచ్చాను. కోపంలో ఉన్నప్పుడు చేతిలో ఉన్న పని ముగించకుండా నోరు తెరవకూడదని నా అలవాటు.

రాజేశం నా కోసం టీ తెప్పించాడు. అతను చెడ్డవాడేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. పదహారేళ్ళుగా ఎండలో పైపుల మీద నిలబడి పనిచేసిన మనిషి.

"మేడం, మీకు మంచి వార్త. మా మరదలు గెలిచింది," అన్నాడు.

"ఓట్లు ఇరవై ఒకటిన కదా."

"ఓట్లెందుకు మేడం? పాట అయిపోయె. ఎల్లుండి అందరు ఎనక్కి తీస్కుంటరు. ముచ్చట ఖలాస్."

అతని వాదన అతనికి ఉంది. పోటీ అంటే ఇంటింటికీ సీసా, కోడి పంచాలి, దానికి ఇంతకు రెట్టింపు అవుతుంది, అదంతా తాగి పారేసేదే కదా అన్నాడు. పాట డబ్బయితే గుడికి ప్రహరీ అవుతుంది, ఊళ్ళో కొట్లాటలుండవు, పైగా ఏకగ్రీవమైతే సర్కారు నజరానా ఇస్తానందట. అంతా విన్నాను. పన్నెండు మంది పదకొండున్నర లక్షలు పెడుతున్నారు, ఆ డబ్బు తిరిగి ఎలా వస్తుందని అడిగాను. అడిగితే దాచలేదు. ఐదేళ్ళు ఊళ్ళో సీసీ రోడ్లు, మురుగునీటి మోరీలు, ఏ పని వచ్చినా ఈ పన్నెండు మంది ఇళ్ళవాళ్ళే చేస్తారట. చెక్కు మీద సంతకం లావణ్యది, పని వీళ్ళది.

"మీ ఆడోళ్ళ లచ్చా పద్దెనిమిది వేలు గూడ అండ్లనే కలిపినం. ప్రహరీ గోడకు మీ పేరు గూడ రాపిస్త, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. వెనక ఇద్దరు నవ్వారు.

"ఎవరిని అడిగి కలిపారు?"

"గెలిచినంక అడుగుడేంది మేడం?"

"లావణ్యను అడిగారా?"

రాజేశం టీ గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "ఆమె పేరు మీదనే పాడినం గద."

కంపెనీ కారులో కూర్చుని లావణ్యకు ఫోను చేశాను. ఆమెకు అప్పటికే తెలిసింది. ఇంటి ముందు భర్త మిఠాయి పంచుతున్నాడట. ఆమె గొంతులో ఏడుపు లేదు. నా గొంతులో ఉన్న కోపమే ఉంది.

"అంగట్ల బర్రెను పాడినట్టు పాడిండ్రు మేడం నన్ను. రేపు నేను ఓ కాయిదం మీద సంతకం పెట్టనంటె, పాలు ఇయ్యని బర్రె అంటరు."

తనకు ఓటు జరగాలంది. ఓడినా సరే, జనం వేయాలి. అందుకు ఒక్క పేరైనా ఎదురుగా మిగలాలి. ఏడుగురు నామినేషన్ వేస్తే ఐదుగురు అప్పటికే ఉపసంహరణ కాగితాల మీద సంతకాలు చేసి వీడీసీకి ఇచ్చేశారు. మిగిలింది లావణ్య, రాజవ్వ. రాజవ్వ బీడీలు చుట్టే మనిషి, యాభై దాటింది, భర్త లేడు. ఆమెకు బీడీ ఆకు ఇచ్చేది పాటలో ఓడిపోయిన ఆ కాంట్రాక్టరే, అతను వీడీసీలో సభ్యుడు కూడా. ఆదివారం మధ్యాహ్నం మూడు లోపల రాజవ్వ తప్పుకోవాలని చెప్పి ఉంచారు.

"నాకిచ్చిన పైసలల్ల సగం ఆమెకు ఇయ్యుండ్రి మేడం. నిలవడుమనుండ్రి. నేను పోయి అడిగితె నమ్మది," అంది లావణ్య.

తన పోటీదారుకు డబ్బిమ్మని అడిగిన అభ్యర్థిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. కానీ కుదరదన్నాను. ఒకరిని పోటీ నుంచి తప్పుకోమని డబ్బివ్వడం ఎన్నికల చట్టంలో ఎంత నేరమో, తప్పుకోవద్దని డబ్బివ్వడమూ అంతే నేరం. రాజేశం చేసిన పనినే మనం తిరగేసి చేసినట్టవుతుంది. "గట్లయితె ఉత్తగనే అడుగుండ్రి," అని లావణ్య రాజవ్వ నంబరు పంపింది.

మర్నాడు శనివారం నిధి సభ్యులను పిలిచాను. వచ్చింది ఐదుగురం. అందరిలో చురుకైనది ఎస్తేరు, గుడివాడ అమ్మాయి, ఆసుపత్రిలో హెడ్ నర్సు. నేను చెప్పడం మొదలుపెట్టకముందే ఆమె కేకు తెప్పించింది.

"అక్కా, గెలిచేసింది కదా. ఇంక మీ బాధేంటి?" అంది.

గెలవలేదు, కొన్నారు, అన్నాను. కొంటే కొన్నారు, సీట్లో కూర్చునేది ఆడమనిషే కదా అంది. తక్కిన ముగ్గురూ తలలూపారు. అందులో ఒకావిడ పెద్ద స్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతుంది, ఓటు హక్కు పాఠం పిల్లలకు బట్టీ పట్టిస్తుంది. ఆవిడే అంది, మొదటిసారికే ఏకగ్రీవమంటే మన నిధికి ఎంత పేరు, అని. నాకు వచ్చిన కోపం రాజేశం మీద వచ్చిన దానికంటే ఎక్కువ. రాజేశం ఊరి పద్ధతి అంతే అనుకునే మనిషి. వీళ్ళు ఆ పద్ధతి తప్పని తెలిసి కేకు కోస్తున్నారు.

పోటీ జరగకపోతే మన డబ్బు వెనక్కి అడగాలన్నాను. ఎస్తేరు నవ్వింది. "ఆ రూలు ఎక్కడుందక్కా? రాసింది మీరే కదా, చూపించండి."

లేదు. డబ్బు ఎవరు పంపాలి, ఎలా పంపాలి, ఏ ఖాతాకు పంపాలి, అన్నీ రాసి ఉన్నాయి. ఎందుకు పంపుతున్నామో ఎక్కడా రాసి లేదు. చేతులెత్తమంటే నలుగురు ఏకగ్రీవానికే ఎత్తారు. రాజవ్వకు కావాలంటే నా సొంతంగా ఫోను చేసుకోవచ్చని, నిధి పేరు మాత్రం ఎత్తకూడదని తీర్మానించారు. కేకు ముక్క నా పళ్ళెంలోనే వదిలి లేచాను.

సాయంత్రం రాజవ్వకు ఫోను చేశాను. నేనెవరో, ఎక్కడినుంచి మాట్లాడుతున్నానో చెప్పాను.

"పైసలిత్తరా?" అంది.

"ఇవ్వను."

"మరి దుబాయ్ కెల్లి ఉత్త చేతులతోని ఫోనెందుకు చేసినవ్?"

"మీకు పోటీ చేయాలని ఉందా లేదా అని అడగడానికి."

అవతల బీడీల మూతులు మడిచే చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె చేతులు ఆగలేదు. తర్వాత గట్టిగా మొదలుపెట్టింది. నామినేషన్ వేయాలంటే ఇంటి పన్ను బకాయి ఉండకూడదట. మూడేళ్ళ బాకీ అప్పు చేసి కట్టి, నామినేషన్ వేసిందట. ఇప్పుడు తీసుకొమ్మంటున్నారు సరే, ఆ పన్ను డబ్బు ఇస్తారా అని వీడీసీని అడిగితే, సర్కారుకు కట్టింది మేమెందుకిస్తాం అన్నారట. "పన్ను కట్టేటప్పుడు ఊరి మనిషినే, ఓట్లేసేటప్పుడు ఊరి మనిషినే. నిలవడ్తె కానా?" అని నన్నే తిట్టినట్టు అడిగింది. లావణ్య తనను నిలబడమంటోందని చెప్పాను. నమ్మలేదు. "ఓడిపోవుడు ఎవలికి ఇష్టం?" అని ఫోను పెట్టేసింది.

నేను చేయగలిగింది అక్కడితో అయిపోయింది.

ఆదివారం దోహాలో పనిదినం. అక్కడి మూడు గంటలంటే మాకు పన్నెండున్నర. నా బల్ల మీద అల్‌ఖోర్ రిపోర్టు చిత్తు ప్రతి ఉంది. దిద్దడానికి కూర్చున్నానే గాని ఒక్క వాక్యం కూడా దిద్దలేదు. ఒంటిగంట దాటాక లావణ్య నుంచి సందేశం వచ్చింది. రాజవ్వ రాలేదట. అధికారి మూడింటి దాకా చూసి, రెండు పేర్లతో జాబితా అంటించాడట. పంచాయతీ ఎన్నికల్లో గుర్తులు పేర్ల అక్షర క్రమంలో ఇస్తారు. రాజవ్వకు ఉంగరం, లావణ్యకు కత్తెర వచ్చాయి.

వీడీసీ ఆ రాత్రే రాజవ్వకు ఇరవై ఐదు వేలు జరిమానా వేసింది. ఆమెతో మాట్లాడినా, ఆమె ఇంట్లో నీళ్ళు తాగినా ఐదు వేలు. మర్నాడు పొద్దున లావణ్య తన ప్రచారం ఎక్కడ మొదలుపెట్టిందో తర్వాత తెలిసింది. నేరుగా రాజవ్వ ఇంటికి వెళ్ళి, వాకిట్లో నిలబడి, అందరూ చూస్తుండగా చెంబెడు నీళ్ళు అడిగి తాగిందట. రాజవ్వ నీళ్ళిచ్చి, "నీ ఓటు నాకేస్తవా?" అని అడిగిందట. "నా ఓటు నాకే అక్కా" అందట లావణ్య. దాంతో జరిమానా ఇద్దరి మీదా పడింది. బరిలో ఉన్నదే ఇద్దరు. ఎవరు గెలిచినా జరిమానా పడ్డ మనిషే సర్పంచ్ అవుతుంది. వీడీసీకి ఇది రెండు రోజులకు గాని అర్థం కాలేదు.

జనవరి 21న పోలింగు జరిగింది. లావణ్య నలభై ఒక్క ఓట్లతో ఓడిపోయింది.

ఎందుకు ఓడిందో రాజేశమే చెప్పాడు. ఫిబ్రవరిలో మళ్ళీ అల్‌ఖోర్ వెళ్ళినప్పుడు స్టోరు గుమ్మం దగ్గర నిలబడి, ఈసారి టీ లేకుండా, "మా పన్నెండు ఇండ్లకు ఫోన్ చేసి చెప్పిన, ఉంగరానికే గుద్దుండ్రి అని. మా ఇజ్జత్ తీసినంక ఎట్ల ఏస్తం?" అన్నాడు. పదకొండున్నర లక్షలు పోసి ఏ మనిషిని కుర్చీలో కూర్చోబెడదామనుకున్నారో, తాము కూర్చోబెడితే కూర్చోనన్నందుకు ఆ మనిషినే ఓడించారు. మరదలి మీద కోపం ఎక్కువా, ఊరి మీద ప్రేమ ఎక్కువా అని అడిగాను. పని ఉందని వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోలేదు. నేను ఖతార్‌లో అక్రమంగా చందాలు పోగుచేస్తున్నానని కంపెనీకి ఎవరో ఫిర్యాదు చేశారు. పర్సనెల్ మేనేజరు పిలిచాడు. నా దగ్గర ఇరవై మూడు ఎక్స్‌చేంజ్ రసీదుల నకళ్ళున్నాయి, ప్రతిదాని మీదా పంపినవాళ్ళ పేరు. ఒక్క రియాలు కూడా నా చేతిమీదుగా వెళ్ళలేదు. ఆయన అన్నీ తిరగేసి, తప్పేమీ లేదని ఒప్పుకుని, అయినా మందలింపు ఉత్తరం ఇచ్చాడు. "ఈ వయసులో మీకు రాజకీయాలెందుకు?" అన్నాడు. కంపెనీ మెస్ హాల్లో, కంపెనీ కరెంటు కింద, ఒక ప్రభుత్వ పదవిని పన్నెండు మంది వేలం పాడారని నేను అప్పటికే రిపోర్టులో రాశాను. గమనించినది: భోజనశాలలో అనుమతి లేని వేలం. ముప్పు: కంపెనీ ఆవరణలో చట్టవిరుద్ధమైన లావాదేవీ. వాళ్ళలో ఒక్కరినీ ఎవరూ పిలవలేదు. మూడో గడిలో ఒకే మాట రాసి పంపారు: "గమనించాం."

బియ్యంలో పదమూడు కిలోల తేడాకు మాత్రం స్టోర్ కీపర్ జీతంలో కోత పడింది.

ఓడిన అభ్యర్థి కూడా నలభై ఐదు రోజుల్లో ఖర్చుల లెక్క మండల ఆఫీసులో ఇవ్వాలి, లేకపోతే మళ్ళీ పోటీకి అర్హత పోతుంది. లావణ్య గడువుకు వారం ముందే ఇచ్చింది. మిగిలిన ఇరవై ఏడు వేలు పంపినవాళ్ళకు దామాషా ప్రకారం వెనక్కి వేసింది. ఆ రోజు ఫోను చేస్తే, ఊళ్ళో ఇంకా కొందరు తనతో మాట్లాడటం లేదని చెప్పింది. జరిమానా కట్టావా అన్నాను. కట్టలేదట, రాజవ్వ కూడా కట్టలేదట. పశ్చాత్తాపమేమైనా ఉందా అని అడగబోయి మానుకున్నాను, ఆమే చెప్పింది.

"నాకు ఎవలు ఏసిండ్రో, ఎవలు ఎయ్యలేదో ఇప్పుడు తెలుసు మేడం. పాటల గెలిస్తె అది తెల్వకపోతుండె."

మార్చిలో నిధి సమావేశంలో ఒక కొత్త నియమం పెట్టాను. 'ఈ డబ్బు పోటీ చేయడానికి. ఏ కారణం చేతనైనా పోటీ లేకుండా పదవి వస్తే, మొత్తం డబ్బు పంపినవారికి తిరిగి వెళ్తుంది.' ఎస్తేరు వ్యతిరేకించింది. గెలిచిన ఆడదాని దగ్గర డబ్బు లాక్కుని, ఓడినదానికి వదిలేస్తామా అంది. అవునన్నాను. ఈసారి పదహారు మంది వచ్చారు. తొమ్మిది మంది నా వైపు చేయెత్తారు.

నేను 2020లో ఉద్యోగ విరమణ చేసి కాకినాడ వచ్చేశాను. నిధి ఇప్పుడు ఎస్తేరు చేతిలో ఉంది. తర్వాత జరిగిన ఎన్నికల్లో మేం సాయం చేసిన ఒకామె ఏకగ్రీవమైంది. ఎస్తేరు ఫోను చేసి, ఆమెను ఎవరూ పాడలేదక్కా, నిజంగానే ఎవరూ నిలబడలేదు, ఉంచుకోనిద్దామా అని అడిగింది. నియమం చదవమన్నాను. చదివింది. చాలాసేపు నాతో పోట్లాడింది. ఆ తర్వాత డబ్బు వెనక్కి తెప్పించింది.

ముప్పై ఏళ్ళకు పైగా ఆడిట్ చేశాను. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడికి వెళ్ళిందో చూడటమే పని అనుకున్నాను. ఆ జనవరి తర్వాత మూడో ప్రశ్న ఒకటి ముందు అడుగుతున్నాను: ఈ డబ్బు ఏ పనికని ఇచ్చారు, ఆ పని జరిగిందా? లావణ్య విషయంలో జరిగింది. ఆమె ఓడిపోయింది, మా లెక్క సరిపోయింది.